ఎక్కించిన లివర్ కణాలు బతికాయా లేదా: ఎమ్మారైలో కనిపించే నల్ల మచ్చ ఎంతవరకు చెబుతుంది?

పోయిన నెల దేవరకొండ దగ్గరి ఒక ఊరి నుంచి నా పాత విద్యార్థి తండ్రి ఫోన్ చేశారు. ఆయన తమ్ముడికి సిర్రోసిస్, అంటే లివర్ గట్టిపడి చెడిపోయే జబ్బు. హైదరాబాద్‌లో డాక్టర్లు లివర్ మార్పిడి మాట ఎత్తారు. ఖర్చు విన్నప్పటి నుంచి ఇంటిల్లిపాదీ టెన్షన్‌లో ఉన్నారు. అంతలో వాట్సాప్‌లో ఒక ప్రకటన వచ్చింది. కోత లేదు, కుట్టు లేదు, కణాలు ఎక్కిస్తే లివర్ మళ్లీ చిగురిస్తుందని అందులో ఉంది. కింద రెండు స్కాన్ బొమ్మలు, ఒకదాని మీద 'ముందు', ఇంకోదాని మీద 'తర్వాత' అని రాసి ఉంది. ఆయన నన్ను అడిగింది ఒక్కటే: "సార్, ఎక్కించిన కణాలు లోపల ఉన్నయో పోయినయో ఎట్ల తెలుస్తది?"

నేను నల్గొండలో జువాలజీ చెప్పే లెక్చరర్‌ని, డాక్టర్‌ని కాను. కానీ ఆ ప్రశ్న విని చాలాసేపు ఆలోచనలో పడ్డాను. ప్రపంచంలో పెద్ద పెద్ద ప్రయోగశాలలు ఇరవై, ముప్పై ఏళ్లుగా తలపట్టుకున్నది ఈ ప్రశ్న మీదే. కణాలను లోపలికి పంపడం ఇప్పుడు అంత కష్టమేం కాదు. పంపినవి ఎక్కడున్నాయి, బతికున్నాయా అని తెలుసుకోవడమే కష్టం. దానికి వాడుతున్న పద్ధతుల్లో ముఖ్యమైనది ఎమ్మారై. అది ఏం చూడగలదో, ఏం చూడలేదో ఆయనకు ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

లివర్ మార్పిడి, కణ మార్పిడి, మూల కణాలు: మూడూ వేర్వేరు

ఈ మూడు మాటలను ప్రకటనలు ఒకే గంపలో వేస్తాయి. ముందు వాటిని విడదీయాలి.

లివర్ మార్పిడి అంటే చెడిపోయిన లివర్ తీసేసి, దాత నుంచి తెచ్చిన పూర్తి లివర్‌ను గానీ, బతికున్న దాత నుంచి కోసిన భాగాన్ని గానీ పెట్టడం. అమెరికాలో థామస్ స్టార్జల్ 1963లో మొదటిసారి ప్రయత్నించారు. 1967లో ఆయన చేసిన ఆపరేషన్ తర్వాత రోగి ఏడాదికి పైగా బతకడంతో ఇది సాధ్యమేనన్న నమ్మకం కుదిరింది. ఇప్పుడు ఇది స్థిరపడిన చికిత్స.

కణ మార్పిడిలో అవయవం మొత్తాన్ని ముట్టుకోరు. దాత లివర్‌ను విడివిడి కణాలుగా చేసి, ఆ కణాలను రోగి ఒంట్లోకి ఎక్కిస్తారు. లివర్‌లో అసలు పనిమంతులు హెపటోసైట్లు అనే కణాలు. లివర్ బరువులో దాదాపు 80 శాతం ఇవే. రక్తంలోని అమ్మోనియాను యూరియాగా మార్చడం, పసుపు రంగు బిలిరుబిన్‌ను పైత్యరసంలోకి తోసేయడం, రక్తం గడ్డకట్టే ప్రోటీన్లను తయారు చేయడం వీటి పనే. ప్రపంచం మొత్తం మీద ఈ పద్ధతి 100 మందికి పైగా రోగుల్లో జరిగింది. అవయవ మార్పిడితో పోలిస్తే ఇది చాలా చిన్న అంకె.

మూల కణాలది (స్టెమ్ సెల్స్) వేరే దారి. అవి ఇంకా హెపటోసైట్లు కాలేదు, అవుతాయేమోనని ఆశ. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధమైన కొన్ని జబ్బులకు చేసే మూల కణ మార్పిడి ఒక్కటే ఆమోదం పొందిన చికిత్స. లివర్‌కు చేసేదేదైనా అనుమతి ఉన్న పరిశోధనలో భాగంగానే జరగాలి.

దాత లివర్ నుంచి సిరంజి దాకా

మార్పిడికి పనికిరాదని పక్కన పెట్టిన దాత లివర్లే ఈ కణాలకు మూలం. కొవ్వు ఎక్కువుందనో, ఇంకేదో లోపముందనో తిరస్కరించిన లివర్ రక్తనాళాల్లోకి కొల్లాజినేజ్ అనే ఎంజైమ్ కలిపిన ద్రవాన్ని పారిస్తారు. కణాలను పట్టి ఉంచే జిగురు లాంటి కొల్లాజెన్‌ను అది కరిగిస్తుంది. గట్టిగా ఉన్న కార్జం ముద్ద కాసేపటికి చేతిలో జారిపోయేంత మెత్తబడుతుంది. దాన్ని వడకట్టి, కడిగితే విడివిడి కణాలు చిక్కుతాయి. ఎలుక లివర్ మీద ఈ పద్ధతిని 1969లో బెర్రీ, ఫ్రెండ్ అనే శాస్త్రవేత్తలు గాడిలో పెట్టారు. ఇప్పటికీ వాడేది దాని మెరుగైన రూపాన్నే.

ఆ కణాలను ఎక్కువగా కాలేయ నిర్వాహక సిరలోకి ఎక్కిస్తారు. డాక్టర్లు పోర్టల్ వెయిన్ అంటారు. పేగుల నుంచి రక్తాన్ని లివర్‌కు మోసుకొచ్చే పెద్ద సిర ఇది. లివర్‌కు చేరే రక్తంలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇందులోంచే వస్తుంది. అంటే మన కాలువకు తూము ఎక్కడుందో అక్కడే వదిలినట్టు.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. హెపటోసైట్ వెడల్పు 20 నుంచి 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). లివర్ లోపలి సన్నని రక్తనాళాలు దానికంటే ఇరుకు. ఎక్కించిన కణాలు వాటిలో ఇరుక్కుంటాయి, పోర్టల్ వెయిన్‌లో కాసేపు రక్తం పోటు పెరుగుతుంది. కొన్ని కణాలు నాళం గోడ దాటుకుని లోపలి వరుసల్లోకి చేరతాయి. మిగతావాటిని లివర్‌లో కాపలా కాసే కుఫ్ఫర్ కణాలు మింగేస్తాయి. ఎలుకల్లో చేసిన ప్రయోగాల్లో మొదటి 24 గంటల్లోనే దాదాపు 70 శాతం కణాలు పోయినట్టు తేలింది. దాటినవి పక్క కణాలతో కలిసిపోయి పనిలో పడేందుకు కొన్ని రోజులు పడుతుంది.

వరి నాటు చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నారు పీకి మడిలో పెట్టినంత మాత్రాన పంట కాదు. కొన్ని రోజులు మొక్క వాలిపోయి, పసుపెక్కి ఉంటుంది. మూన తిరిగితేనే నిలిచినట్టు. మడి గట్టు మీద నిల్చుంటే అది కంటికి కనిపిస్తుంది. లివర్‌కు గట్టు లేదు.

అసలు వెతకాల్సిన అవసరం ఎందుకొచ్చింది

రక్త పరీక్షలో బాగుందంటే చాలదా, కణాలను వెతకడం ఎందుకు అని అనిపించవచ్చు. రెండు జబ్బులను పక్కపక్కన పెడితే సంగతి తెలుస్తుంది.

మొదటిది క్రిగ్లర్-నజ్జార్ సిండ్రోమ్ టైప్ 1. పుట్టుకతో వచ్చే చాలా అరుదైన జబ్బు. బిలిరుబిన్‌ను కరిగే రూపంలోకి మార్చే ఒక్క ఎంజైమ్ ఆ పిల్లల్లో ఉండదు. మిగతా లివర్ అంతా బాగుంటుంది. పసిరికలు ఎప్పటికీ తగ్గవు. మెదడు దెబ్బతినకుండా రోజూ గంటల కొద్దీ నీలి కాంతి కింద పడుకోబెట్టాలి. అమెరికాలో పదేళ్ల పాపకు 750 కోట్ల హెపటోసైట్లు ఎక్కించిన సంగతి 1998లో ప్రచురితమైంది. ఆమె బిలిరుబిన్ దాదాపు సగానికి తగ్గింది, కాంతి కింద గడపాల్సిన సమయం తగ్గింది. అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఆమె పైత్యరసంలో దొరికింది. ఆమె సొంత లివర్ చస్తే తయారు చేయలేని, మార్పు చెందిన బిలిరుబిన్ అందులో కనిపించింది. అది దాత కణాల నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ రాదు. ఇక్కడ స్కాన్ లేకపోయినా కణాలు బతికున్నాయని తేలిపోయింది.

రెండోది, ఉన్నట్టుండి లివర్ ఫెయిలవడం. హెపటైటిస్ వైరస్ వల్ల కావచ్చు, దక్షిణాది ఆస్పత్రుల్లో తరచూ చూసే ఎలుకల మందులోని పసుపు భాస్వరం వల్ల కావచ్చు. అలాంటి రోగికి కణాలు ఎక్కించారు, పది రోజుల్లో కోలుకున్నారు అనుకుందాం. ఎవరు కాపాడినట్టు? ఎక్కించిన కణాలా, మందులా, తనంతట తాను మళ్లీ పెరిగే గుణమున్న రోగి సొంత లివరా? రక్త పరీక్షలో మూడింటికీ ఒకే అంకె వస్తుంది. కణాలను విడిగా గుర్తుపట్టకపోతే జవాబు లేదు.

సూదితో చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తే అని ఇంకో ఆలోచన. కానీ ఆ ముక్క మొత్తం లివర్‌లో దాదాపు 50 వేలవ వంతు. కణాలు ఒకచోట గుంపుగా, ఇంకోచోట అసలు లేకుండా పరుచుకుని ఉంటే సూది ఎక్కడ దిగిందన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. పైగా లివర్ చెడిపోయిన మనిషికి రక్తం సరిగా గడ్డకట్టదు. పదే పదే గుచ్చడం కుదరదు.

నకిరేకల్ అమ్మ, మరిచిపోయిన పిన్నీసు

మా మేనల్లుడు ఒక స్కానింగ్ సెంటర్‌లో ఎమ్మారై టెక్నీషియన్. ఒకసారి వాడి దగ్గర కూర్చున్నప్పుడు నకిరేకల్ నుంచి ఒక పెద్దమ్మ పొట్ట స్కాన్‌కు వచ్చింది. "పిన్నీసులు, హుక్కులు అన్నీ తీసినవా అమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. "తీసిన బిడ్డా" అంది. పుస్తెలతాడుకు ఉన్న మూడు పిన్నీసులు నా కళ్లముందే తీసి కొంగులో ముడివేసి కోడలికి ఇచ్చింది. మొదటి బొమ్మ తెర మీదికి రాగానే నడుము పక్కన అరచేయంత నల్లటి గుంత. దాని చుట్టూ అంచులు సాగిపోయి, లాగినట్టు వంకరపోయి ఉన్నాయి. వాడు వెంటనే ఆపేశాడు. "ఇంకో పిన్నీసు ఉన్నది మామా" అన్నాడు. లంగా బొందుకు పెట్టిన చిటికెన వేలి గోరంత పిన్నీసు అది. అయస్కాంతం లాగితే ఎగిరి తగిలే ప్రమాదముంది కాబట్టే వాళ్లు అన్నిసార్లు అడుగుతారు.

గోరంత ఇనుము అరచేయంత నలుపు ఎట్లా చేసింది? కణాలను వెతికే విద్య అంతా ఈ ప్రశ్న మీదే నిలబడి ఉంది.

మన ఒంట్లో ఎక్కువ భాగం నీరు, నీటిలో హైడ్రోజన్. ప్రతి హైడ్రోజన్ కేంద్రకం ఒక చిన్న అయస్కాంతం లాంటిది. మామూలు ఆస్పత్రుల్లో ఉండే 1.5 టెస్లా యంత్రం బలం భూమి అయస్కాంత బలానికి 30 వేల రెట్లకు పైనే. అందులో పడుకోగానే ఆ కేంద్రకాలు ఒక దిక్కుకు సర్దుకుని, సెకనుకు దాదాపు 6.4 కోట్ల సార్లు బొంగరంలా ఊగుతాయి. సరిగ్గా అదే వేగంలో ఉన్న రేడియో తరంగం తాకిస్తే అన్నీ ఒకే తాళంలో ఊగుతూ సంకేతం ఇస్తాయి. బొమ్మ ఆ సంకేతంతో తయారవుతుంది.

తాళం నిలవాలంటే అయస్కాంత క్షేత్రం అన్నిచోట్లా సమానంగా ఉండాలి. ఇనుము దగ్గరున్న నీటి అణువులకు క్షేత్రం వేరుగా తగులుతుంది. ఒకటి తొందరగా, ఒకటి నెమ్మదిగా ఊగి తాళం చెదిరిపోతుంది. సంకేతం ఆరిపోయిన చోట నలుపు వస్తుంది. నిలకడగా ఉన్న చెరువులో గులకరాయి వేస్తే అలలు రాయికంటే ఎంతో దూరం పాకినట్టు, ఈ చెదురుబాటు కూడా ఇనుప రేణువు అసలు సైజు దాటి చాలా దూరం పాకుతుంది. అందుకే ఎమ్మారై కంటికి ఆనని రేణువు కూడా పెద్ద నల్ల చుక్కగా కనిపిస్తుంది.

మందలో మన గొర్రెకు రంగు పూసినట్టు

పాలమూరు గొర్రెల మందలు ఎండాకాలం కృష్ణ వైపు వలస పోతాయి. దారిలో నాలుగైదు మందలు కలిసినప్పుడు గుర్తుపట్టడానికి కాపర్లు గొర్రె వీపు మీదో, మెడ మీదో తమ రంగు పూస్తారు. రంగు లేకపోతే గొర్రెకూ గొర్రెకూ తేడా తెలియదు. ఎమ్మారైకి కూడా దాత హెపటోసైట్, రోగి హెపటోసైట్ ఒక్కటే. రెండింట్లోనూ అదే నీరు. కాబట్టి ఎక్కించే ముందే దాత కణాలకు గుర్తు పెట్టాలి.

ఆ గుర్తు ఐరన్ ఆక్సైడ్ సూక్ష్మ రేణువులు, పైన చక్కెర జాతి పదార్థం పూత. గిన్నెలో కణాలతో పాటు కొన్ని గంటలు ఉంచితే కణాలు వాటిని లోపలికి తీసుకుంటాయి. ఇలాంటి రేణువులతో ఫెరిడెక్స్ అనే మందు అమెరికాలో 1996లో ఆమోదం పొందింది. అది మొదట కణాలకు గుర్తు పెట్టడానికి తయారైంది కాదు, లివర్‌లో గడ్డలను చూడటానికి నరంలోకి ఎక్కించేవారు. 2008లో కంపెనీ తయారీ ఆపేసింది. ఆ తర్వాత చాలామంది పరిశోధకులు ఫెరుమాక్సిటాల్ వైపు మళ్లారు. అది కిడ్నీ రోగుల్లో రక్తహీనతకు 2009లో ఆమోదం పొందిన ఐరన్ ఇంజెక్షన్.

ఒంట్లోకి ఇనుము పోతే ప్రమాదం కాదా? లెక్క వేసి చూద్దాం. 10 కిలోల పాపకు కిలోకు 10 కోట్ల చొప్పున 100 కోట్ల కణాలు ఎక్కించారనుకుందాం. ఒక్కో కణంలో 10 పికోగ్రాముల ఇనుము ఉంటే (పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు) మొత్తం 10 మిల్లీగ్రాములు. గర్భిణులకు ఆశా కార్యకర్త ఇచ్చే ఒక్క ఐరన్ గోలీలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. గోలీలోది అంతా ఒంటికి పట్టదన్నది నిజమే, అయినా పరిమాణం ఎంత చిన్నదో తెలుస్తుంది. ఆ ఇనుమును శరీరం విడగొట్టి తన నిల్వల్లో కలుపుకుంటుంది. చూడాల్సిన అసలు సంగతి, రేణువులు మింగిన కణం తన పని మునుపటిలా చేస్తోందా అన్నది. మోతాదు మించితే కణం దెబ్బతింటుంది.

ఇప్పుడు అదే పాపను స్కాన్ చేద్దాం. ఎలుకల్లోలాగే 70 శాతం పోయి 30 కోట్ల కణాలు మిగిలాయి. పాప లివర్ 300 గ్రాములు అనుకుంటే, గ్రాముకు 10 కోట్ల చొప్పున సొంత కణాలు 3,000 కోట్లు. అంటే నూటికి ఒకటి దాత కణం. స్కాన్ బొమ్మలో ఒక్కో గడి 1 మిల్లీమీటరు వెడల్పు, 1 మిల్లీమీటరు పొడవు, 3 మిల్లీమీటర్ల మందం అయితే అందులో దాదాపు 3 లక్షల కణాలు పడతాయి. సమానంగా పరుచుకుంటే గడికి 3,000 దాత కణాలు వస్తాయి. అప్పుడు లివర్ అంతా కొంచెం నల్లబడినట్టు ఉంటుంది. ఎక్కించక ముందు తీసిన స్కాన్ లేకపోతే తేడా పట్టడం కష్టం. గుంపులుగా ఉంటే మాత్రం చుక్కలు చుక్కలుగా తేలికగా కనిపిస్తాయి. లివర్‌లో మామూలుగానే ఇనుము నిల్వ ఉంటుంది కూడా. తలసీమియాతో తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లల్లో అది ఎంత పేరుకుంటుందంటే లివర్ ముందే నల్లగా ఉంటుంది. నల్ల పలక మీద బొగ్గుతో రాసినట్టే.

గొర్రె పోయినా రంగు మిగిలితే

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. సామాన్యులే కాదు, పరిశోధకులు కూడా పొరబడింది ఇక్కడే.

తోడేలు గొర్రెను తినేసింది అనుకోండి. రంగు అంటిన ఉన్ని ముళ్లకంపకు చిక్కుకుని ఉంటుంది, తోడేలు మూతికీ అంటుకుని ఉంటుంది. దూరం నుంచి రంగును బట్టి లెక్కపెట్టేవాడు మంద అంతా క్షేమం అనుకుంటాడు. లివర్‌లో కుఫ్ఫర్ కణాలు చేసేది అదే. చచ్చిన దాత కణాన్ని ఇనుముతో సహా మింగి అక్కడే కూర్చుంటాయి. నెల తర్వాత స్కాన్ తీస్తే మచ్చ అక్కడే ఉంటుంది. ఫెరిడెక్స్ లివర్ స్కాన్‌కు పనికొచ్చిందే కుఫ్ఫర్ కణాలు ఇనుమును ఇష్టంగా మింగుతాయి కాబట్టి. అంటే కణాల కోసం వెతుకుతున్న చోటే ఇనుమును దాచుకునేవాళ్లు కాపురముంటున్నారు.

మరి మచ్చ మాయమైతే కణాలు చచ్చినట్టా? అదీ ఖాయం కాదు. ఈనిన గొర్రె పిల్లలకు రంగు ఉండదు. దాత కణం రెండుగా విడిపోతే 10 పికోగ్రాముల ఇనుము ఐదు, ఐదుగా పంచుకోబడుతుంది. ఇంకోసారి విడిపోతే రెండున్నర. నాలుగోసారి తర్వాత ఒక్కోదానిలో 1 పికోగ్రాము కూడా మిగలదు. చికిత్స అద్భుతంగా ఫలించి కణాలు బాగా పెరిగినా మచ్చ పలచబడుతుంది, అంతా చచ్చి ఇనుము కరిగిపోయినా మచ్చ పలచబడుతుంది. మచ్చ నిలిచినా రెండు అర్థాలు, పోయినా రెండు అర్థాలు. చిన్న రక్తస్రావం జరిగినా అచ్చం అలాంటి నల్ల చుక్కే వస్తుంది.

అట్లాగని ఈ పద్ధతిని కొట్టిపారేయడం కూడా నాకు సరిగా అనిపించదు. అది ఎక్కడ అక్కరకొస్తుందో చూపిన పరిశోధన ఒకటుంది. నెదర్లాండ్స్‌లోని నైమెగెన్‌లో చేసి 2005లో ప్రచురించారు. అది లివర్‌ది కాదు, చర్మ క్యాన్సర్ రోగులది. రోగనిరోధక కణాలకు ఐరన్ ఆక్సైడ్ గుర్తు పెట్టి, అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూ లింఫ్ గ్రంథిలోకి ఎక్కించారు. అనుభవమున్న చేతులే. తర్వాత ఎమ్మారై తీస్తే ఎనిమిది మందిలో నలుగురికి కణాలు గ్రంథిలో పడలేదు, పక్కనున్న కొవ్వులో పడ్డాయి. స్కాన్ లేకపోతే ఆ నలుగురికీ చికిత్స పనిచేయలేదని రాసుకునేవాళ్లు. నిజానికి వాళ్లకు చికిత్స అందనే లేదు.

లివర్‌కు ఇంకా దగ్గరి ఉదాహరణ 2008లో జెనీవా నుంచి వచ్చింది. షుగర్ రోగులకు ఇన్సులిన్ తయారుచేసే ఐలెట్ కణాలను కూడా ఇదే పోర్టల్ వెయిన్ ద్వారా లివర్‌లోకే ఎక్కిస్తారు. నలుగురు రోగుల్లో ఇనుము గుర్తు పెట్టిన ఐలెట్లను ఎమ్మారైతో చూసే ప్రయత్నం చేశారు, మనుషుల్లో ఇది సురక్షితంగా చేయవచ్చని తేలింది. అంతకు రెండేళ్ల ముందే అమెరికా పరిశోధకులు చిట్టెలుక హెపటోసైట్లకు కాస్త పెద్ద ఇనుప రేణువులు పెట్టి, ప్లీహంలోకి ఎక్కించి, అవి లివర్‌కు చేరాక ఒక్కొక్క కణాన్నీ విడిగా చూడగలిగారు. కానీ అవి పరిశోధనశాలల్లోని చాలా బలమైన యంత్రాలు. ఆస్పత్రి యంత్రంలో ఊపిరి తీస్తున్న మనిషి పొట్ట కదులుతూ ఉంటుంది. అంత సూక్ష్మంగా చూడటం కుదరదు.

ఇనుము కాకుండా ఇంకేం ఉన్నాయి

రేడియోధార్మిక గుర్తులు ఒక దారి. ఇండియం-111 పెట్టిన హెపటోసైట్లను రోగుల్లో ఇప్పటికే చూశారు. ఎక్కించినవి లివర్‌లో ఎంత పడ్డాయి, దారి తప్పి ఊపిరితిత్తులకు ఎన్ని పోయాయి అన్న లెక్క ఇది ఎమ్మారైకంటే బాగా చెబుతుంది. కానీ దాని శక్తి 2.8 రోజులకు సగమైపోతుంది. టెక్నీషియం-99ఎం అయితే ఆరు గంటలకే సగం. రెండు వారాలు దాటితే దాదాపు ఏమీ మిగలదు.

ఫ్లోరిన్ గుర్తు నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది, నల్గొండవాణ్ని కాబట్టి. ఎమ్మారై యంత్రాన్ని హైడ్రోజన్‌కు బదులు ఫ్లోరిన్‌కు శ్రుతి చేయవచ్చు. కణాల్లో ఫ్లోరిన్ ఉన్న నూనెలాంటి పదార్థాన్ని నింపితే అవి మాత్రమే వెలుగుతాయి. నలుపులో నలుపును వెతికే బాధ ఉండదు. శరీరంలో సహజంగా కనిపించే ఫ్లోరిన్ లేదు కాబట్టి గందరగోళం ఉండదని పుస్తకాల్లో రాస్తారు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్‌తో వంగిపోయిన ఎముకలు చూసిన మనకు వెంటనే అనుమానం వస్తుంది. మరి ఆ ఎముకల్లోని ఫ్లోరిన్ కనిపించదా? కనిపించదు. అది ఎముక స్ఫటికాల్లో గట్టిగా బిగుసుకుని ఉంటుంది. బిగుసుకున్న అణువు ఇచ్చే సంకేతం యంత్రం అందుకునేలోపే ఆరిపోతుంది. ద్రవంలా స్వేచ్ఛగా కదిలేదే మామూలు స్కాన్‌కు చిక్కుతుంది. లివర్ లాంటి మెత్తని అవయవంలో ఫ్లోరిన్ ఎట్లాగూ లేనట్టే. ఈ పద్ధతికి ఉన్న లోపం వేరే: సంకేతం బలహీనం. ఒకే గడిలో వేల కణాలు, కొన్నిసార్లు లక్షకు పైగా ఉంటే తప్ప వెలుగు కనిపించదు.

లండన్ కింగ్స్ కాలేజీ ఆస్పత్రి డాక్టర్లు వెతుకులాటనే తేలిక చేసే దారి పట్టారు. సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్ గోళీల్లో హెపటోసైట్లను పొదిగి, లివర్‌లోకి కాకుండా పొట్ట కుహరంలోకి వదులుతారు. ఉన్నట్టుండి లివర్ ఫెయిలైన పసిపిల్లల్లో, సొంత లివర్ కోలుకునేదాకా ఆసరాగా దీన్ని వాడారు. గోళీ గోడ రోగనిరోధక కణాలను దగ్గరికి రానివ్వదు. అవసరం తీరాక తీసేయనూ వచ్చు. గోళీలు విడిగా ఉంటాయి కాబట్టి వాటిలోనే ఐరన్ లాంటి గుర్తు కలిపితే స్కాన్‌లో లెక్కించడం సులువు. అయినా గోళీ పగలలేదని తెలుస్తుంది గానీ, లోపలి కణం పనిచేస్తోందని తెలియదు.

పరిశోధకుల మధ్య ఉన్న వాదం

కణాలు ఎక్కడున్నా మాకు అక్కర్లేదు, అమ్మోనియా తగ్గిందా, బిలిరుబిన్ తగ్గిందా అదే కొలమానం అనేవాళ్లు ఒకవైపు. వాళ్ల మాటలో బలముంది. రోగికి కావాల్సింది ఫలితమే. దొరకడమే కష్టమైన దాత కణాలను ఇంకొన్ని గంటలు గిన్నెలో ఉంచి, రేణువులు కలిపి, కడిగితే ఆ తతంగంలో కొన్ని చస్తాయి. బొమ్మ కోసం మందును తగ్గించుకోవడం ఏమిటని వాళ్ల ప్రశ్న.

ఫలితం రాకపోతే ఎందుకు రాలేదో తెలియాలి కదా అని రెండోవైపు వాళ్లంటారు. కణాలు లివర్‌కు చేరలేదా, చేరి చచ్చాయా, బతికీ పనిచేయలేదా అన్నది తెలియకుండా మోతాదు పెంచాలా, దారి మార్చాలా, రోగనిరోధక శక్తిని అణిచే మందులు మార్చాలా అని తేల్చలేం. నైమెగెన్‌లోని ఆ నలుగురు రోగులు వీళ్లకు పెద్ద ఆధారం.

నాకు రెండో వాదనే బలంగా తోస్తుంది, కాకపోతే ఒక హద్దుతో. మొదటి ఒకటి రెండు రోజుల స్కాన్ విలువైనది, ఎందుకంటే అప్పుడు అడిగే ప్రశ్న 'ఎక్కడ పడ్డాయి' అన్నదే. దానికి ఇనుము నిజాయితీగా జవాబిస్తుంది. నెల తర్వాత 'బతికున్నాయా' అని అడిగితే ఇనుము దగ్గర జవాబు లేదు. అక్కడ పైత్యరసం, రక్తం, దాత డీఎన్ఏ పరీక్ష మాట్లాడాలి. 1990ల తొలినాళ్లలో హైదరాబాద్ దక్కన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ సి.ఎం. హబీబుల్లా బృందం ఉన్నట్టుండి లివర్ ఫెయిలైన రోగుల పొట్ట కుహరంలోకి గర్భస్థ పిండం హెపటోసైట్లను ఎక్కించింది, ఫలితాలను 1994లో ప్రచురించింది. ప్రపంచంలోనే మనుషుల్లో జరిగిన తొలి ప్రయత్నాల్లో అది ఒకటి, అదీ మనకు రెండు మూడు గంటల దూరంలో. అప్పుడు వాళ్ల దగ్గర ఈ గుర్తులేవీ లేవు. రోగి కోలుకున్నారా, స్పృహలోకి వచ్చారా, రక్త పరీక్షలో అంకెలు తగ్గాయా అన్నదే చూడగలిగారు.

దేవరకొండ నుంచి ఫోన్ చేసిన ఆయన ఆ ప్రకటనను నాకు పంపారు. రెండు స్కాన్ బొమ్మలనూ పెద్దవి చేసి, మేనల్లుడికి కూడా చూపించాను. రెండు వేర్వేరు రకాల స్కాన్లు, లివర్‌లో వేర్వేరు చోట్ల తీసిన పొరలు. కణాలకు గుర్తు పెట్టినట్టు ప్రకటనలో ఎక్కడా లేదు. సాయంత్రం ఆయనకు ఫోన్ చేసి ఇదే చెప్పాను: గుర్తు పెట్టని దాత కణానికీ రోగి కణానికీ ఎమ్మారైలో తేడా ఉండదు, కాబట్టి ఆ 'తర్వాత' బొమ్మలో ఎక్కించిన కణం ఒక్కటి కూడా కనిపించే వీలు లేదు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, హైదరాబాద్ డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఏయే కాగితాలు పట్టుకుపోవాలో అడిగి రాసుకున్నారు.